ఎడ్లబండి లేకున్న మన చిత్రము కాదా?

ఒక చిత్రములో ఎడ్లబండి లేదు, తాటిచెట్టు లేదు, కడవ నెత్తిన బెట్టుకొన్న ఆడపడుచు లేదు. కనుక అది మనది కాదు. ఈ తీర్పు మన సంఘముల సభలలో మాటిమాటికి వినవచ్చుచున్నది. నైరూప్యచిత్రమన్న మాట చెవిని బడగానే పెద్దలు పెదవి విరిచెదరు. పడమటివారి వెర్రి యందురు. పసివాడు రంగుగిన్నె తన్నినను ఇట్లే యుండునందురు. ఈ తీర్పు తప్పు. పుట్టిననేలకు దూరముగా తరతరములనుండి కాపురముండు మనవంటివారి నోట అది మరింత తప్పు. ఆ సంగతి నిష్కర్షగా చెప్పుటకే ఈ వ్యాసమునకు పూనుకొన్నాము.

మన సంఘభవనముల గోడలను ఒకసారి పరికింపుడు. చెన్నపట్టణమైనను, బెంగుళూరైనను, బరంపురమైనను, షోలాపురమైనను, ముంబయి యైనను, గోడమీది తెలుగునేల ఒక్కటే. ఒక పూరిల్లు, ప్రక్కన గడ్డివామి, ముంగిట ఎడ్లబండి, వెనుక రెండు తాటిచెట్లు, దూరమున తెరచాప యెత్తిన పడవ. ఈ దృశ్యమును మేము నిందింపము. దానిని చూచి కన్నులు చెమర్చిన వృద్ధులను మేమెరుగుదుము. కాని, యిది మన కండ్లు చూచిన దృశ్యమా, క్యాలెండరు అచ్చువేసినవాడు మనకు చూపిన దృశ్యమా యని యడుగక తప్పదు.

మధుర, విరుదునగరము, కోయంబత్తూరు సీమల తెలుగుకుటుంబములలో పెక్కింటి పూర్వికులు విజయనగరప్రభువుల నాటను, నాయకరాజుల నాటను దక్షిణమునకు తరలివచ్చినవారు. వారి పిల్లల కన్నులయెదుట నున్నది వైగై ఇసుక, నల్లరేగడిలోని ప్రత్తిచేను. బళ్ళారివారి కన్నులయెదుట నున్నది కోటను మోయు బండరాతిగుట్ట. బరంపురమువారికి గోపాలపురపు సముద్రము దాపున నున్నది. షోలాపురపు పద్మశాలీల వాడలకు మగ్గముల చప్పుడే జీవనాడి. ముంబయిలోని కామాటిపురమునకు ఆ పేరు తెలుగునాటినుండి కూలికై వచ్చిన కామాటీలవలననే కలిగినది. వారు కట్టినది నగరము, విడిచివచ్చినది పొలము. యానామువారొక్కరు గౌతమీగోదావరిని నిత్యము చూచుచున్నారు. వారిని అడిగి చూడుడు, తాము చూచు నది క్యాలెండరులోని నదివలె నున్నదా యని.

ఇన్ని నేలలు, ఇన్ని వెలుగులు గల జనమునకు గోడమీద ఒక్క బొమ్మయే ఏల?

ఏటేట పిల్లలకు చిత్రలేఖనపు పోటీ పెట్టి "ఆంధ్రపల్లె" యను విషయము నిత్తుము. పల్లె నెన్నడును చూడని బాలుడు గోడమీది బొమ్మను చూచి కాగితముపై నెక్కించును. ఎంత బాగుగా నెక్కించిన అంత పెద్ద బహుమతి. మేమెరిగిన ఒక సంఘమున ఒక బాలిక ఎర్రని పట్టీ, దానిమీద నల్లని పట్టీ, నడుమ సన్నని పచ్చని గీత వేసి, యిది మా నాయనమ్మ చెప్పిన పొలమన్నది. విషయమునుండి తొలగినదని నిర్ణేతలు ఆ కాగితమును ప్రక్కన బెట్టిరి. చూడని బండిని గీచినవానికి బహుమతి, విన్న పొలమును గీచినదానికి తిరస్కారము! ఆ బిడ్డ తెలుగునేలను గురించి తన మనసులో నున్నదానిని పెట్టినది. మిగిలినవారు గోడమీద నున్నదానిని పెట్టిరి. మన సంప్రదాయమును ఎవరు నిలిపినారో పాఠకులే తీర్పు చెప్పవలెను.

మా పక్షమున నొక చిత్రకారుని సాక్షిగా నిలుపుచున్నాము. సయ్యద్ హైదర్ రజా తెలుగువాడు కాడు. నేటి మధ్యప్రదేశములోని మండ్లా సీమలో బాబరియా యను పల్లెలో 1922లో జన్మించినాడు. తండ్రి అటవీశాఖలో ఉద్యోగి. బాల్యము నర్మదయొడ్డున, దట్టమైన అడవుల నడుమ గడచినది. నాగపురమునను, పిదప బొంబాయి జె.జె. కళాశాలయందును చిత్రకళ నభ్యసించి, 1947లో సూజా, హుస్సేను మున్నగువారితో కలసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపును నెలకొల్పినాడు. దేశవిభజనానంతరము తోబుట్టువులు పాకిస్తానమునకు తరలిపోయినను తాను పోలేదు. 1950లో ఫ్రెంచి ప్రభుత్వపు విద్యార్థివేతనముతో పారిసు చేరినాడు. (ఆనాటికి మన యానాము ఇంకను ఫ్రెంచివారి యేలుబడిలోనే యుండెను, 1954లో గాని విముక్తి కలుగలేదు.) చదువుకొనుటకు పోయినవాడు అక్కడనే యిల్లు కట్టుకొన్నాడు, ఫ్రెంచి చిత్రకారిణిని పెండ్లాడినాడు, అరువదియేండ్లు కాపురముండినాడు. 2010 చివర ఢిల్లీకి తిరిగివచ్చి, 2016 జూలై 23న కన్నుమూసినాడు. మండ్లాలో తండ్రి సమాధి ప్రక్కనే ఆయనను మట్టిచేసిరి.

అరువదియేండ్ల ప్రవాసము! వలసవచ్చిన కుటుంబమున బుట్టిన మనకు ఈ లెక్క విలువ తెలియకపోదు. ఆ అరువదియేండ్లలో ఆయన కుంచె యేమి చేసినదో చూతము.

మొదట ఫ్రెంచి పల్లెలను చిత్రించినాడు. కొండవాలున ఒండొంటికి ఆనుకొన్న ఇండ్లు, ప్రార్థనామందిరపు శిఖరము, పైన చీకటియాకసము. ఆ చిత్రములలో ఇల్లు ఇల్లుగానే యున్నది, చెట్టు చెట్టుగానే యున్నది. 1956లో పారిసు విమర్శకులు ఏటేట నిచ్చెడి ప్రశస్తబహుమానము ఆయనను వరించినది. అంతటితో తృప్తిపడి యదే బొమ్మను బ్రతికినంతకాలము గీచుచుండవచ్చును, కొనువారు లేకపోలేదు. ఆయన అట్లు చేయలేదు. 1960 తరువాత ఇండ్ల అంచులు కరగిపోయినవి. రంగులు కాగితపు గీతలకు లోబడక పొంగినవి. 1970 ప్రాంతమునుండి భారతదేశమునకు మరలమరల వచ్చి రాజస్థానమును, గుజరాతును తిరిగిచూచినాడు. రాజపుత్ర లఘుచిత్రములలోని ఎర్రని అంచులు, గళ్ళు, పసుపు, కావి ఆయన పటములలోనికి నడచివచ్చినవి. "తపోవన్" (1972) అను చిత్రమున తపసి లేడు, పర్ణశాల లేదు. అడవిలోని చీకటియు, ఆ చీకటిలో రగులు నిప్పువంటి వెలుగును గలవు. "సౌరాష్ట్ర" (1983) నిలువునను అడ్డమునను రెండేసి మీటర్ల పటము. అందు ఒంటె లేదు, తలపాగా లేదు. ఎండకు కాగిన నేల రంగులు గళ్ళుగళ్ళుగా నిలిచియున్నవి. తల్లిని ఉద్దేశించి 1981లో చిత్రించిన పటమున దేవనాగరిలిపిలో ఒక హిందీ కవితాపంక్తిని వ్రాసికొన్నాడు. పారిసులో కూర్చుండి తన యింటి లిపిని పటముపై నెక్కించినవానికి ఊరు మరపువచ్చినదందురా?

ఇక బిందువు మాట. బాల్యమున రజాకు చదువుపై మనసు నిలిచెడిది కాదు. బడిపంతులు గోడమీద నొక చుక్క పెట్టి, దానినే చూచుచు కూర్చుండుమని యాజ్ఞాపించినాడట. నలుబదియేండ్లకు పైబడిన తరువాత ఆ చుక్క పారిసులో ఆయన పటముల నడుమకు వచ్చి కూర్చున్నది. నల్లని బిందువు, దానిచుట్టు వలయములు, చతురస్రములు, త్రిభుజములు. పంచభూతములకు అయిదు రంగులు. పల్లె పేరు, బడి కప్పు, పలకబలపము అన్నియు జారిపోయి, ఆ బడిలో నేర్చిన నిలుకడ మాత్రము మిగిలినది. నైరూప్యమనగా రూపము చేతగాకపోవుట యని మనవారి యభిప్రాయము. రూపమునందలి విడివిడి వివరములను ఒక్కొక్కటిగా తొలగించి, యింక తొలగింపరానిదేదో దానిని పట్టుకొనుట యని రజా పటములు చెప్పుచున్నవి.

ఈ పని మనకు వింతయా? మన యింటి తెలుగునే తీసికొందము. కోస్తానుండి వచ్చిన చుట్టము మన మాట విని నవ్వును. మధురవారి తెలుగులో అరవము కలసినది. బెంగుళూరువారి తెలుగులో కన్నడము, బరంపురమువారి తెలుగులో ఒడియా, షోలాపురమువారి తెలుగులో మరాఠీ. ఎన్నో మాటలు పోయినవి, ఎన్నో క్రొత్తవి వచ్చినవి. కొందరికి అక్షరములుకూడ దూరమైనవి. అయినను చుట్టరికపు పిలుపులు నిలిచినవి, అంకెలు నిలిచినవి, క్రియల తీరు నిలిచినది, బిడ్డను లాలించునప్పటి గొంతు నిలిచినది. పైపూత పోయినను కట్టు నిలిచినదని చెప్పి, మాది తెలుగేయని మనము వాదింతుము. మీది తెలుగు కాదన్న చుట్టముమీద మనకు ఎంత కోపము వచ్చును! ఆ చుట్టము మన మాటమీద చెప్పిన తీర్పునే మనము రంగులమీద చెప్పుచున్నాము. మాటకొక న్యాయము, బొమ్మకొక న్యాయమా?

విదేశీయమను ఆక్షేపణకు మన వాకిలియే సమాధానము. తెల్లవారకమునుపే ఇల్లాలు కల్లాపి చల్లి, వరుసగా చుక్కలు పెట్టి, ఆ చుక్కల చుట్టు గీతను త్రిప్పును. ఆ మెలికల ముగ్గులో ఆకులేదు, పువ్వులేదు, పిట్టలేదు. ఇందులో ఊరెక్కడ, ఎడ్లబండియెక్కడ అని యెవరైన అడిగిరా? కనుమనాడు వేయు రథపుముగ్గులో నాలుగుగీతలు రథమగును. దాని త్రాడు వీధిలోనికి సాగి పొరుగింటి రథమును కలసికొనును. నిజమైన రథమునకు ఆ గీతలకు పోలిక యెంత? పోలిక తక్కువైనందున భక్తి తక్కువైనదా? నేతగాండ్ర నడుగుడు. చీరయంచున వరుసగా త్రికోణములు నేసి కోటకొమ్మ యందురు. చిన్నిగింజల వరుసను రుద్రాక్ష యందురు. కోటను చూచి కోటను నేయలేదు. కోటలో నేతకు లొంగునది, కన్నునకు నిలుచునది యేదో దానిని తీసికొన్నారు. నైరూప్యము పడమటినుండి ఓడనెక్కి వచ్చినదని చెప్పువారు తమ యింటిలోని చీరపెట్టెను తెరచి చూడవలెను.

చిత్రకారులలోను ఈ త్రోవ త్రొక్కిన తెలుగువారు లేకపోలేదు. కరీంనగరు సీమలో 1915లో జన్మించి, రజాకంటె ముందే బొంబాయి జె.జె. కళాశాలలో చదివిన పాకాల తిరుమలరెడ్డి తరువాతి దశలో తాంత్రికచిహ్నములను గొని పటములు రచించినాడు. 1996లో మరణించిన ఆ మహాచిత్రకారుని పేరు మన సంఘములలో నెందరికి తెలియును? క్యాలెండరు బొమ్మను మాత్రము అందరెరుగుదురు.

ప్రతిపక్షులకు బలమైన వాదము లేకపోలేదు. దానిని దాటవేయుట మర్యాద కాదు. ఏది గీచినను నైరూప్యమే యైనచో అభ్యాసమేల, గురువేల, సాధనయేల యని వారు అడుగుదురు. సరియైన ప్రశ్న. దీనికి సమాధానము రజా జీవితములోనే యున్నది. 1948లో కాశ్మీరములో సుప్రసిద్ధ ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు కార్టియే-బ్రెసాన్ ఆయన చిత్రములను చూచి, ప్రతిభ యున్నదిగాని కట్టుబడి లేదని, సెజానును చదువుకొమ్మని హితవు చెప్పినాడు. ఇల్లు కట్టినట్లు చిత్రమును కట్టవలెనన్న మాట. ఆ మాటను పట్టుకొనియే రజా ఫ్రాన్సు పోయినాడు. ఏండ్లతరబడి ఇండ్లను, చెట్లను, కొండలను కట్టినాడు. బిందువు దగ్గరకు వచ్చుసరికి అరువదియేండ్లకు చేరువైనాడు. తలగడ క్రింద రంగులు పెట్టుకొని నిద్రించి, లేచి నైరూప్యము గీచినవాడు కాడు. పిల్లవాడు రంగుగిన్నె తన్నుటకును దీనికిని గల భేదము, ఏడ్చు పసిపాపకును ఆలాపనచేయు విద్వాంసునకును గల భేదమే. ఆలాపనలో సాహిత్యము లేదని సభనుండి లేచిపోవువారమా మనము? అర్థము చెప్పుడని విద్వాంసుని నిలదీసితిమా? రాగమును చెవికి వదలిన మనము రంగును కంటికి వదలలేమా?

మరియొక మాటయు ఒప్పుకొందుము. చివరి యేండ్లలో రజా ఒకే బిందువును మరలమరల గీచి, అచ్చువేసినట్లు చేసినాడని విమర్శకులనిరి. అందు కొంత నిజము లేకపోలేదు. 2009లో ఢిల్లీలో తన పేరిట జరిగిన ప్రదర్శనకు పోయి, అందలి పటములలో పెక్కు తనవి కావని ఆయనయే చెప్పవలసివచ్చినది. వలయము గీచుట సులభము, దొంగకుకూడ సులభము. "సౌరాష్ట్ర" 2010లో లండను వేలములో పదునారుకోట్ల రూపాయలకు మించి అమ్ముడైనది. ఈ ధరను మా వాదమునకు ఊతగా చూపబోము. ధర చూచి దండము పెట్టువాడు నైరూప్యమునకు మిత్రుడు కాడు. మేము చెప్పునది వేరు. బిందువుకూడ క్యాలెండరు బొమ్మ కాగలదు. చూడకుండ గీచినదేదైనను, అది బండియైనను బిందువైనను, చచ్చిన బొమ్మయే. మా పోరాటము ఎడ్లబండిమీద కాదు. చూపు లేని చేతిమీద.

ఇట్లైన మన పల్లె ఏమగును, దాని ఆనవాళ్ళు పిల్లలకెట్లు తెలియునని వృద్ధులు దుఃఖింతురు. ఈ దుఃఖమును మేము తేలికగా తీసికొనము. అయితే ఆ భారమును గోడమీది ఒక్క బొమ్మపై మోపుట న్యాయము కాదు. పొలము పేరు, బావి పేరు, ఏతము తొక్కిన తీరు, కళ్ళములో ధాన్యము కొలిచిన లెక్క, ఊరు విడిచినప్పటి కరవు, వచ్చి దిగిన వీధి—ఇవి వ్రాతకు దక్కునవి. బ్రదికియున్న పెద్దల నోటనుండి వ్రాసికొనుడు. ఛాయాచిత్రము లున్న భద్రపరచుడు. క్యాలెండరు బండికి పేరులేదు. అది ఎవరి తాతదియు కాదు. దానిని చూచి మన మనుమడు నేర్చుకొనునది ఒక్కటే: తెలుగుతనమనగా పండుగనాడు తొడిగి మరునాడు మడిచిపెట్టు వేషమని. తన వీధి, తన వెలుగు, తన యింటి యరవముకలసిన మాట ఇవేవియు తెలుగు కావని ఆ గోడ వానికి చెప్పుచున్నది. అది నమ్మిన పిల్లవాడు పెద్దవాడై మన సంఘమునకు చందా కట్టడు, కట్టనేల? తాను లేని చిత్రమునకు చట్రము కొనువా డెవడు?

కావున సంఘముల కార్యదర్శులకును, పోషకులకును మూడు విన్నపములు చేయుచున్నాము.

మొదటిది: పిల్లల పోటీలో గోడబొమ్మలను చూచి యెక్కించుట నిషేధింపుడు. పిల్లలు తాము నిత్యము చూచు చోటునో, ఇంటి పెద్దలు చెప్పగా విన్న చోటునో గీయవలెను. అది గుర్తుపట్టునట్లున్నను, రంగులపట్టీలై యున్నను సమానముగా చూడవలెను. గీచిన పిల్లవానిని "ఇది ఏమి?" అని ఒక్కమాట అడిగి, వాని సమాధానమును విన్న పిదపనే మార్కు వేయవలెను.

రెండవది: సంఘభవనమున పాతబొమ్మను తీసివేయనక్కరలేదు. దాని ప్రక్కన రెండు బారల గోడను ఖాళీచేసి, ఆ యూరి తెలుగువారు గీచిన పటములకు విడువుడు. ఏటికొకసారి మార్పుడు. నచ్చనివారు నచ్చలేదని బాహాటముగా చెప్పవచ్చును, చూడకుండ చెప్పరాదు.

మూడవది: ప్రతి సంచికలోను రెండుపుటలు పెద్దల జ్ఞాపకములకు కేటాయింపుడు. ఊరిపేరుతో, పొలముపేరుతో, ఏండ్లతో. పల్లెను నిలుపు పని ఆ పుటలు చేయును. అప్పుడు చిత్రము తన పని తాను చేసికొనును.

ఈ మూడింటికి పెద్ద ధనమక్కరలేదు. వచ్చు ఉగాదికి పోటీ ప్రకటన వ్రాయబోవు కార్యదర్శి కాగితమునందు "ఆంధ్రపల్లె" యను మాటను కొట్టివేసి, దానిపై "మా నేల" యని వ్రాసిన చాలును. ఏ నేలయో పిల్లలే చెప్పుదురు.